ఆహార వలలో ఎన్ని లింకులుంటాయో అంచనా వేయడం ఎలా

ఒకచోట ఏ జీవి దేన్ని తింటుందో చూపే పటమే ఆహార వల, అందులో 'ఇది దాన్ని తింటుంది' అనే ఒక్కో సంబంధం ఒక లింకు. ఒక చిన్న కుంట అనుకుందాం. అందులో 24 రకాల జీవులున్నాయని మీరు తేల్చారు. ఇప్పుడు ఏది దేన్ని తింటుందో పూర్తిగా తెలియాలంటే 24ని 24తో గుణిస్తే వచ్చే 576 జతల్నీ ఒక్కొక్కటిగా చూడాలి, అంత ఓపిక, టైమ్, డబ్బు ఎవరి దగ్గరా ఉండవు, కాబట్టి అంచనా వేయాల్సిందే. ఆ అంచనా ఎలా వేయాలో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో చెబుతాను. కూడికలు, గుణకారాలు, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ప్రోగ్రామింగ్ వస్తే మంచిదే, రాకపోయినా పని ఆగదు.

ముందే ఒక మాట. జాతుల సంఖ్య చెబితే లింకుల సంఖ్య ఒకే ఒక్క అంకెగా చెప్పే సూత్రం ఏదీ లేదు. వచ్చేది ఒక పరిధి. ఆ పరిధి ఎంత వెడల్పుగా ఉంటుందో చూసి మొదట్లో నాకు నిరాశగా అనిపించింది, కానీ నిజం అదే, దాన్ని దాచి ఒక్క అంకె రాస్తే ఆ అంకె మీద ఆధారపడేవాళ్లని మోసం చేసినట్టే. చేయగలిగిందల్లా ఆ పరిధిని నిజాయితీగా లెక్కగట్టి, తర్వాత మన చేతిలో ఉన్న ఆధారాలతో దాన్ని కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావడమే.

మొదటి పని: ఏది 'ఒక జాతి' అన్నది తేల్చుకోండి

అన్నింటికంటే ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. సూత్రం ఏది వాడారన్నదానికంటే జాతుల్ని ఎలా లెక్కపెట్టారన్నదే ఫలితాన్ని ఎక్కువగా మారుస్తుంది.

కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఎడారి ఆహార వలని గ్యారీ పోలిస్ 1991లో ప్రచురించాడు. అక్కడ 174 రకాల మొక్కలు, 138 రకాల వెన్నెముక జీవులు, 55 రకాల సాలీళ్లు-తేళ్ల జాతి జీవులు, ఇంకా రెండు మూడు వేల రకాల కీటకాలు ఉంటాయని ఆయనే రాశాడు. కానీ చివరికి గీసిన వలలో ఉన్నవి 30 పెట్టెలు మాత్రమే. వేల జాతుల్ని 30 గుంపులుగా కుదిస్తే ఏమవుతుంది? ప్రతి గుంపూ దాదాపు అన్ని గుంపుల్నీ తింటున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే 'కీటకాలు తినే కీటకాలు' అనే పెట్టెలో ఏదో ఒక జాతి ఏదో ఒకదాన్ని తింటూనే ఉంటుంది కదా. లింకులు కిక్కిరిసిపోతాయి.

మరోవైపు ఇంకో రకం పొరపాటు ఉంది. చేపల్ని పేరుపేరునా విడదీసి, నాచుల్ని మాత్రం 'ఆల్గే' అని ఒకే పెట్టెలో పడేస్తారు. నేనూ చాలా కాలం ఇలాగే చేశాను, ఎందుకంటే చేపని గుర్తుపట్టడం తేలిక, డయాటమ్ అనే కంటికి కనబడని నాచుని గుర్తుపట్టాలంటే మైక్రోస్కోప్ ముందు గంటలు కూర్చోవాలి. అలా చేసినప్పుడు పైమెట్లలో (వేటాడేవాటి దగ్గర) లింకులు సరిగ్గా వస్తాయి, కింది మెట్లలో (నాచు, దాన్ని తినేవాటి దగ్గర) మాయమైపోతాయి. నత్త 20 రకాల నాచుని గీకి తిన్నా మీ పట్టికలో ఒక్క లింకే కనబడుతుంది.

అందుకని ఒక నియమం పెట్టుకుని చివరిదాకా దానికి కట్టుబడండి. చాలామంది వాడే పద్ధతి ఒకటుంది, వీలైతే అదే వాడండి: ఒకే ఆహారం తింటూ, ఒకే శత్రువులున్న జాతులన్నింటినీ కలిపి ఒక 'ఆహార జాతి'గా లెక్కించడం. విస్కాన్సిన్‌లోని లిటిల్ రాక్ సరస్సు వలని మార్టినెజ్ 1991లో ప్రచురించినప్పుడు అందులో దాదాపు 180 రకాలున్నాయి, ఈ పద్ధతిలో కలిపాక 92 అయ్యాయి. రెండూ తప్పు కాదు, కానీ ఒకచోట 180ల లెక్క, ఇంకోచోట 92 లెక్క పెట్టి రెండు సరస్సుల్ని పోలిస్తే మాత్రం తప్పే.

వయసు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. తోకకప్ప నాచు గీకి తింటుంది, కప్ప పురుగుల్ని పడుతుంది. తూనీగ లార్వా తోకకప్పని తింటుంది, పెద్ద కప్ప అదే తూనీగని గాల్లోంచి లాక్కుంటుంది. రెండింటినీ ఒక్కో జాతిగా పెడితే కప్ప తూనీగని, తూనీగ కప్పని తింటున్నట్టు వలలో ఒక లూప్ పడుతుంది, విడదీస్తే జాతుల సంఖ్య రెండు పెరుగుతుంది. లింకుల సంఖ్య ఒక్కటే కావాలంటే కలిపి పెట్టినా ఫర్వాలేదు. దాని మీద ఇంకేదైనా మోడల్ నడపాలంటే విడదీయడమే మంచిదని నా అభిప్రాయం.

పరాన్నజీవుల్ని కలపాలా వద్దా? చాలామంది అసలు ఆలోచించకుండానే వదిలేస్తారు. లాఫర్టీ, డాబ్సన్, క్యూరిస్ 2006లో కాలిఫోర్నియాలోని కార్పింటేరియా ఉప్పు కయ్యతో పాటు మరికొన్ని వలల్ని పరిశీలించి చూస్తే సగటున 75 శాతం లింకుల్లో ఏదో ఒక పరాన్నజీవి ఉందని తేలింది. అంటే వదిలేస్తే పోయేది చిన్న భాగం కాదు. మీకు వాటి డేటా లేకపోతే వదిలేయండి, కానీ 'పరాన్నజీవులు కలపలేదు' అని మొదటి పేజీలోనే రాయండి.

రెండో పని: కింది హద్దు, పై హద్దు రాసుకోండి

ఏ సూత్రమూ ముట్టుకోకముందే రెండు అంకెలు మనకి ఖాయంగా తెలుసు.

కింది హద్దు: వల ముక్కలు కాకుండా ఒకటిగా ఉండాలంటే కనీసం జాతుల సంఖ్య కంటే ఒకటి తక్కువ లింకులుండాలి. 24 జాతులుంటే 23. మణుల్ని దారంతో కలిపినట్టే, 24 మణులకి 23 ముడులు కావాలి.

పై హద్దు: ప్రతిదీ ప్రతిదాన్నీ, తన జాతిని కూడా, తింటే 24 × 24 = 576. తన జాతినే తినడం అరుదేమీ కాదు, తూనీగ లార్వాల్ని రెండు మూడింటిని ఒకే గిన్నెలో పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఎన్ని మిగులుతాయో చూడండి. అందుకే వర్గం మొత్తాన్నీ లెక్కలోకి తీసుకుంటాం.

పై హద్దుని వెంటనే కొంచెం తగ్గించొచ్చు. నాచు, నీటి మొక్కలు, అడుగున పేరుకున్న కుళ్లిన ఆకుల మడ్డి, ఇవి ఎవర్నీ తినవు. మన కుంటలో అలాంటివి 7 ఉన్నాయనుకుందాం. తినేవి 17, తినబడగలిగేవి 24, కాబట్టి 17 × 24 = 408కి మించి లింకులు సాధ్యం కాదు. ఒక్క నిమిషం పని, 168 గళ్లు కొట్టేశాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. లింకుల సంఖ్యని సాధ్యమైన జతల సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని కనెక్టెన్స్ అంటారు. ఎక్కువమంది లింకుల్ని జాతుల వర్గంతో భాగిస్తారు. కొన్ని పాత వ్యాసాల్లో మాత్రం ఏది దేన్ని తింటుందనే దిక్కు పట్టించుకోకుండా, స్వజాతి భక్షణ వదిలేసి, 24 × 23 ÷ 2 = 276తో భాగించారు. 70 లింకులున్న వలకి మొదటి పద్ధతిలో కనెక్టెన్స్ 0.12, రెండో పద్ధతిలో 0.25. ఒకసారి నేను ఒక పాత పట్టికలోంచి తీసుకున్న విలువని ఇది గమనించకుండా నా లెక్కలో పెట్టేశాను, అంచనా రెట్టింపు వచ్చింది, వారం రోజులు ఆ కుంటలో ఏదో ప్రత్యేకత ఉందనుకుంటూ తిరిగాను. ఎవరి అంకె తీసుకున్నా ముందు దేనితో భాగించారో చూడండి.

మూడో పని: సూత్రంలో పెట్టి చూడండి

మూడు సూత్రాలు తెలిసుండాలి, వాడాల్సింది మాత్రం మూడోది.

1984లో కోహెన్, బ్రియాండ్ అప్పటికి దొరికిన వలల్ని పోగేసి చూసి, లింకులు జాతుల సంఖ్యకి దాదాపు రెండింతలుంటాయన్నారు. వల ఎంత పెద్దదైనా సగటున ఒక్కో జాతికి రెండే లింకులన్నమాట. మన కుంటకి 48. తర్వాత 1992లో మార్టినెజ్ అలా కాదు, జాతులు పెరిగేకొద్దీ లింకులు వర్గంలా పెరుగుతాయి, అంటే కనెక్టెన్స్ స్థిరంగా 0.14 దగ్గర ఉంటుందన్నాడు. మన కుంటకి 0.14 × 576, సుమారు 81. 48కీ 81కీ తేడా పెద్దగా అనిపించకపోవచ్చు, కానీ 92 జాతుల దగ్గరికి వెళ్తే మొదటిది 184 అంటుంది, రెండోది 1185 అంటుంది.

ఈ వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2020లో మెక్‌డొనాల్డ్, బాన్‌విల్, ప్వాజో అనే ముగ్గురు పరిశోధకులు ఇచ్చిన సమాధానం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది కొత్త డేటా కంటే ముందు మనం పైన రాసుకున్న రెండు హద్దుల్నుంచే మొదలవుతుంది. ఎలాగూ జాతులు − 1 లింకులు ఉండి తీరాలి. ఆపైన మిగిలిన గళ్లలో కొంత వంతు మాత్రమే నిజమవుతాయి. ఆ వంతుని 'పి' అందాం.

లింకులు = (జాతులు − 1) + పి × (జాతులు² − జాతులు + 1)

255 ఆహార వలల మీద ఈ సూత్రాన్ని సరిపోల్చి చూస్తే పి సగటున 0.086 దగ్గర వచ్చింది. మన కుంటకి వేద్దాం: 24 − 1 = 23. 576 − 24 + 1 = 553. 553 × 0.086 = 47.6. మొత్తం 70.6, అంటే 71.

ఈ సూత్రంలో ఉన్న అందం చెప్పకుండా ఉండలేను. జాతులు తక్కువున్నప్పుడు మొదటి భాగం, అంటే జాతులు − 1, పైచేయిగా ఉంటుంది, కాబట్టి లింకులు జాతులతో పాటు సమానంగా పెరుగుతున్నట్టే కనిపిస్తాయి. జాతులు పెరిగేకొద్దీ వర్గం ఉన్న భాగం ముందుకొస్తుంది. రెండూ సరిసమానమయ్యేది దాదాపు 12 జాతుల దగ్గర (లెక్కేసి చూడండి: 11, 11.4). అంటే చిన్న వలలు ఎక్కువగా ఉన్న డేటా చూసినవాళ్లకి ఒక నియమం, పెద్ద వలలు చూసినవాళ్లకి ఇంకో నియమం కనబడటంలో ఆశ్చర్యం లేదు.

నాలుగో పని: పరిధి గట్టండి, ఇది వదిలేయొద్దు

71 అని రాసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. పి అన్ని వలల్లోనూ ఒకేలా ఉండదు, ఒక్కో వలలో ఒక్కోలా ఉంటుంది. ఆ వైవిధ్యాన్ని బీటా డిస్ట్రిబ్యూషన్‌తో (0కీ 1కీ మధ్య ఉండే వంతులు ఎలా చెదిరి ఉంటాయో చెప్పే గణిత రూపంతో) చూపిస్తారు, అదే అధ్యయనం ప్రకారం దాని బిగువు విలువ 24.3, ఇది ఎంత పెద్దదైతే పి విలువలు సగటుకి అంత దగ్గరగా ఉంటాయి. స్ప్రెడ్‌షీట్‌లో చేయాలంటే ఇలా చేయండి: బీటా ఇన్వర్స్ ఫంక్షన్‌లో సంభావ్యతగా ర్యాండమ్ ఫంక్షన్‌ని, ఆల్ఫాగా 2.1ని, బీటాగా 22.2ని ఇవ్వండి (0.086ని, ఆ తర్వాత 0.914ని 24.3తో గుణిస్తే వచ్చేవే ఈ రెండూ). ఆ గడిని కిందికి వెయ్యి వరసలు లాగండి. పక్క కాలమ్‌లో ఒక్కో పి విలువనీ 553తో గుణించి 23 కలపండి. వచ్చిన వెయ్యి అంకెల్ని వరసలో పేర్చి కింది నుంచి 50వది, 950వది చూడండి.

మన కుంటకి ఇవి దాదాపు 30, 130 దగ్గర వస్తాయి. అంటే ఇలాంటి కుంటలు పది ఉంటే తొమ్మిదింట్లో లింకులు ఈ మధ్యలో ఉంటాయని. అవును, నాలుగింతల తేడా. దీన్ని చూసి టెన్షన్ పడొద్దు, జాతుల సంఖ్య అనే ఒక్క అంకె నుంచి ఇంతకంటే ఎక్కువ రాదు.

నమ్మకం కుదరాలంటే నిజంగా లెక్కపెట్టిన వలల మీద పెట్టి చూడండి. లిటిల్ రాక్ సరస్సు, 92 జాతులు: సూత్రం 811 అంటుంది, లెక్కపెట్టినవి 997. ఫర్వాలేదు, బాగానే ఉంది. చెసాపీక్ అఖాతం, 31 జాతులు: సూత్రం 110 అంటుంది, లెక్కపెట్టినవి 68. పరిధిలోనే ఉంది కానీ తక్కువ. ఇక పైన చెప్పిన కోచెల్లా ఎడారి, ఆహార జాతులుగా కలిపాక 29: సూత్రం 98 అంటుంది, లెక్కపెట్టినవి 262. పరిధి పై అంచు 180 దాటి బయటికి వెళ్లిపోయింది. ఎందుకో మీకు ఇప్పటికే తెలుసు: వేల జాతుల్ని పెట్టెల్లో కుక్కిన వల అది. సూత్రం తప్పిందనడం కంటే, మొదటి పనిలో తీసుకున్న నిర్ణయం ఇక్కడ బయటపడిందనడం సరైనది. మీ వల కూడా పరిధి బయట పడితే ముందు మీ జాతుల జాబితా చూసుకోండి, సూత్రాన్ని తర్వాత అనుమానించొచ్చు.

ఐదో పని: గళ్లు కొట్టేయడం

ఇప్పుడు 30 నుంచి 130 అనే పరిధిని బిగించాలి. పెద్ద కాగితం మీద (స్ప్రెడ్‌షీటైనా సరే, నాకు కాగితమే ఇష్టం) అడ్డంగా తినేవి, నిలువుగా తినబడేవి రాసి, అసాధ్యమైన గళ్లలో గీత పెట్టుకుంటూ పోండి.

మొదటగా పరిమాణం. నీళ్లలో వేటాడే జీవులు చాలావరకు తమకంటే చిన్నవాటినే తింటాయి, నోట్లో పట్టకపోతే మింగలేవు కాబట్టి. నోటి వెడల్పు కొలవగలిగితే ఇంకా మంచిది. సైక్లోప్స్ అనే కంటికి ఆనీఆనని జీవి చేపని తినదు, ఆ గడి కొట్టేయొచ్చు. కానీ అప్పుడే గుడ్డులోంచి వచ్చిన చేప పిల్లని? అక్కడ ఆగండి. జలగలు, రక్తం పీల్చేవి, పరాన్నజీవులు, గుంపుగా వేటాడేవి, శాకాహారులు ఈ పరిమాణం నియమానికి లొంగవు, వాటి వరసల్ని విడిగా చూడండి.

తర్వాత కాలం. ఒకటి చలికాలంలోనే కనబడి, మరోటి వానల్లోనే పుడితే అవి రెండూ ఎదురుపడవు. అలాగే చోటు: ఒకటి అడుగు బురదలో, ఇంకోటి నీటి పైపొర మీద బతికితే కలిసే అవకాశం తక్కువ. 'తక్కువ' అన్నాను, 'లేదు' అనలేదు. ఇలాంటి గళ్లలో గీత పెట్టకుండా చుక్క పెట్టండి.

ఇదయ్యాక మీ 408లో ఎన్ని గళ్లు మిగిలాయో అదే మీ కొత్త పై హద్దు. అవన్నీ నిజమైన లింకులే అనుకోకండి, తినగలగడం వేరు, తినడం వేరు. ఎక్కువ వలల్లో కనెక్టెన్స్ 0.03 నుంచి 0.3 మధ్యే ఉంటుంది, సాధ్యమైనవాటిలో చాలా భాగం జరగదు.

ఎందుకు జరగదు? దీనికి 2006లో బెకర్‌మన్, పెచీ, వారెన్ వాడిన ఆలోచన బాగుంటుంది: జంతువు తన టైమ్‌కి తగ్గ శక్తి వచ్చేదాన్నే తింటుంది. చిన్న లెక్కతో చూపిస్తాను, అంకెలు ఊహించినవే. ఒక చేపకి మొదటి రకం ఎర నిమిషానికి 0.2 సార్లు ఎదురవుతుంది, తింటే 10 యూనిట్ల శక్తి, పట్టి మింగడానికి 2 నిమిషాలు. అది ఒక్కటే తింటే నిమిషానికి వచ్చేది (0.2 × 10) ÷ (1 + 0.2 × 2) = 1.43. రెండో రకం ఎర 6 యూనిట్లు, మింగడానికి 3 నిమిషాలు, అంటే నిమిషానికి 2. ఇది 1.43 కంటే ఎక్కువ, కాబట్టి కలుపుకోవడం లాభం, నిమిషానికి 0.1 సార్లు ఎదురైతే మొత్తం 1.53కి పెరుగుతుంది. మూడో రకం 2 యూనిట్లు, 2 నిమిషాలు, అంటే నిమిషానికి 1. దాన్ని పట్టుకుంటూ కూర్చుంటే నష్టం, ఆ టైమ్‌లో మిగతావాటిని వెతుక్కోవచ్చు. ఈ చేపకి రెండు లింకులే. మూడో రకం ఎర దాని నోట్లో హాయిగా పడుతుంది, అయినా లింకు లేదు. ఒక్కో వేటజీవికీ ఇలా వేసి కూడితే మొత్తం లింకులొస్తాయి. శక్తి, మింగే టైమ్, ఎదురయ్యే రేటు, ఈ మూడూ శరీర బరువుతో పాటు మారతాయి కాబట్టి బరువులు మాత్రమే తెలిసినా మొదలుపెట్టొచ్చు.

చాలామంది నన్ను నిష్ మోడల్ గురించి అడుగుతారు. విలియమ్స్, మార్టినెజ్ 2000లో ఇచ్చిన మోడల్, ఒక్కో జాతికీ ఒక గీత మీద స్థానం ఇచ్చి, అది ఆ గీత మీద ఏ ముక్కని తింటుందో నిర్ణయిస్తుంది. చాలా మంచి మోడల్, కానీ మన ప్రశ్నకి అది జవాబు చెప్పదు: జాతుల సంఖ్యతో పాటు కనెక్టెన్స్‌ని కూడా మనమే దానికి ఇవ్వాలి. అంటే ఎన్ని లింకులో మనం చెబితే, అవి ఎలా పరుచుకుంటాయో అది చెబుతుంది. దాని నుంచి లింకుల సంఖ్య 'వచ్చింది' అని ఎవరైనా రాస్తే, వాళ్లు లోపల పెట్టిందే బయటికి తీశారని అర్థం.

ఆరో పని: నిజంగా చూసి సరిచూడండి

కాగితం మీద ఎంత చేసినా, కొన్ని కడుపులు కోసి చూడాలి. తెల్లటి ట్రేలో కొంచెం నీళ్లు పోసి, చేప కడుపులోది అందులోకి జార్చి, సూదితో మెల్లగా విడదీయండి. మొదట బూడిదరంగు ముద్దలా ఉంటుంది. కాసేపు చూస్తుంటే అందులోంచి గోధుమరంగు చిన్న టోపీల్లాంటివి బయటపడతాయి, అవి కైరోనమిడ్ (దోమలాంటి కుట్టని పురుగు) లార్వాల తలలు, ఒళ్లు కరిగిపోయినా తల కరగదు. పలచటి నత్తగుల్ల పెంకులు, మేఫ్లై కాళ్లు, నీటి ఈగల పెంకులు ఒక్కోటీ తేలతాయి. ఒక్కో కడుపుకీ ఒక కాగితం పెట్టి, ఏ ఎర ఉందో రాయండి. ఖాళీ కడుపుల్ని కూడా రాయండి, అవి కూడా డేటానే.

ఈ పద్ధతికి ఒక గుడ్డిమచ్చ ఉంది. వెల్లకిలా ఈదే నోటోనెక్టా పురుగు ఎరని గుచ్చి రసం పీలుస్తుంది. దాని కడుపు కోస్తే ద్రవం తప్ప ఏమీ కనబడదు. సాలీళ్లూ అంతే. అంటే మీ వలలో ఇవి తినేవి ఏమీ లేనట్టు కనబడతాయి, నిజానికి ఇవే కుంటలో పెద్ద వేటగాళ్లు కావచ్చు. వీటికి డీఎన్ఏ పరీక్ష కావాలి. డీఎన్ఏతో ఇంకో చిక్కుంది, ఎర కడుపులో ఉన్న ఎర కూడా దొరుకుతుంది: నాచు తినే డాఫ్నియాని (నీటి ఈగని) ఒక పురుగు తిన్నాక, ఆ పురుగులో నాచు డీఎన్ఏ కనబడితే పురుగు నాచు తిన్నదని కాదు. నత్రజని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు వేరైన రూపాలు) కొలిచే వీలుంటే ఇక్కడ బాగా ఉపయోగపడతాయి, ఒక్కో మెట్టు పైకెళ్లేకొద్దీ నత్రజని-15 నిష్పత్తి సగటున వెయ్యికి 3.4 చొప్పున పెరుగుతుంది, కాబట్టి ఆ పురుగు నాచు మెట్టుకి ఎంత పైన ఉందో తెలిసిపోతుంది. దేన్ని తిన్నదో మాత్రం చెప్పదు.

ఎన్ని కడుపులు చూడాలి? చూసినకొద్దీ కొత్త లింకులు దొరుకుతూనే ఉంటాయి, మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. కడుపుల సంఖ్య అడ్డంగా, లింకుల సంఖ్య నిలువుగా పెట్టి గీత గీయండి. గీత ఇంకా పైకే పోతుంటే మీరు చూడనివి చాలా ఉన్నాయి.

ఎన్ని ఉన్నాయో కూడా అంచనా వేయొచ్చు. ఆన్ చావో 1984లో ఇచ్చిన సూత్రం జాతుల కోసం పుట్టింది, లింకులకీ పనికొస్తుంది. ఒక్కసారే కనబడ్డ లింకులెన్నో, సరిగ్గా రెండుసార్లు కనబడ్డవెన్నో లెక్కపెట్టండి. మొదటిదాని వర్గాన్ని రెండోదాని రెట్టింపుతో భాగించండి. మన కుంటలో 41 లింకులు కనబడ్డాయి, వాటిలో 14 ఒక్కసారే, 7 రెండుసార్లు అనుకుందాం. 14 × 14 = 196, దాన్ని 14తో భాగిస్తే 14. మొత్తం 55. ఇది కనీస అంచనా అని గుర్తుంచుకోండి, అసలు సంఖ్య దీనికంటే ఎక్కువే ఉండొచ్చు, రసం పీల్చేవాటి లింకులు ఇందులో ఎలాగూ లేవు.

55ని మూడో పనిలోని పి సూత్రంలో తిరగేసి పెడితే మీ కుంట పి వస్తుంది: (55 − 23) ÷ 553 = 0.058. సగటు 0.086 కంటే తక్కువ, అయినా మామూలు పరిధిలోనే. దాన్ని చూసి నేనైతే కింది హద్దుని 30 నుంచి 55కి పెంచుతాను. పై హద్దుని ఐదో పనిలో మిగిలిన గళ్లతో పోలుస్తాను: చుక్కలతో కలిపి 110 గళ్లే మిగిలితే 130 అర్థంలేనిది, 110కి దించేస్తాను. అలా 30-130 కాస్తా 55-110 అయింది. నాలుగింతల తేడా రెండింతలకి వచ్చింది, అది చిన్న విషయం కాదు.

ఒకే రోజు చూసిన వలకీ ఏడాదంతా పోగేసిన వలకీ పోలిక పెట్టొద్దు. ఏడాది వలలో జాతులూ ఎక్కువే, లింకులూ ఎక్కువే, కానీ వాటిలో చాలా జతలు ఒకే రోజున కలిసి ఉండవు.

ఏడో పని: రాసేటప్పుడు

ఈ సంఖ్యని వేరేవాళ్లు తీసుకుని వాడతారు. 1972లో రాబర్ట్ మే చూపించిన గణితం ప్రకారం, యాదృచ్ఛికంగా అల్లుకున్న వ్యవస్థలో జాతులు, కనెక్టెన్స్, లింకుల బలం ఒక హద్దు దాటితే స్థిరత్వం పోతుంది. మరోవైపు 2002లో డన్, విలియమ్స్, మార్టినెజ్ 16 వలల మీద జాతుల్ని ఒక్కోటీ తీసేసి చూసినప్పుడు, కనెక్టెన్స్ ఎక్కువున్న వలలు ఎక్కువ దెబ్బల్ని తట్టుకున్నాయి. ఏ వైపు వాదించాలన్నా కావాల్సింది మీరు ఇచ్చే ఈ అంకే. ఒక జాతి అంతరిస్తే ఎన్ని జాతులు దానితో పాటు పోతాయో లెక్కేసేవాళ్లు, మీ 55కీ 110కీ మధ్య ఎక్కడ నిలబడ్డారో బట్టి వేరే వేరే జవాబులు చెబుతారు.

కాబట్టి మధ్య అంకె ఒక్కటే కాకుండా రెండు చివర్లూ రాయండి. మన కుంటకి నేను రాసే వాక్యం ఇలా ఉంటుంది: 'ఆహార జాతులు 24, వాటిలో ఉత్పత్తిదారులు, మడ్డి కలిపి 7; తోకకప్ప, కప్ప విడివిడిగా లెక్కించాం; పరాన్నజీవులు కలపలేదు; కళ్లారా చూసిన లింకులు 41; అంచనా 55 నుంచి 110; కనెక్టెన్స్ 0.10 నుంచి 0.19, జాతుల వర్గంతో భాగించినది.' దానికి జతగా మీ గళ్ల కాగితాన్ని, గీతలు ఎందుకు పెట్టారో చుక్కలు ఎందుకు పెట్టారో రాసిన కారణాలతో సహా, అలాగే ఇవ్వండి. వచ్చే సీజన్‌లో ఎవరైనా ఇంకో వంద కడుపులు చూసినప్పుడు ముందు ఆ చుక్కల గళ్లనే వెతుకుతారు.